ప్రిస్కిల్లా బోరింగు

మా ఇంటికి ఎవరు రావాలన్నా ముందు ప్రిస్కిల్లా పేరు చెప్పాలి. గ్యాసు బండ తెచ్చే మనిషైనా, కరెంటు మీటరు చూసే మనిషైనా, ఆఖరికి మా నిస్సీకి పెళ్ళిచూపులకు వచ్చిన వాళ్ళైనా అంతే. "ప్రిస్కిల్లా బోరింగు ఎదురిల్లు" అంటే నేరుగా వచ్చి మా వాకిట్లో ఆగుతారు. హన్నమ్మ ఇల్లు అంటే ఊళ్ళోవాళ్ళే తల గోక్కుంటారు. నేనీ పాలేనికి కాపురానికి వచ్చి ముప్పై ఏళ్ళు దాటింది. నిస్సీ పెళ్ళి కార్డు మీద కూడా మా ఆయన ఇన్నయ్య అదే గుర్తు అచ్చేయించాడు. నా కూతురి పెళ్ళి కార్డు మీద దాని పేరేమిటని ఆ పూట నేను అన్నం ముట్టలేదు.

"అట్టా ఎయ్యకపోతే పెళ్ళివాళ్ళు ఊరంతా తిరగాల గదే," అన్నాడాయన. తప్పు చేసిన మొహం కూడా పెట్టలేదు.

నకరికల్లు దాటాక వినుకొండ రోడ్డు మీద బస్సు దిగి, మిరప చేల మధ్యగా మూడు కిలోమీటర్లు వస్తే మా ఊరు. ఊరికి పడమటి చివర మా పాలెం, నలభై గడప. ఇళ్ళకు కుళాయిలు ఉన్నాయి కానీ ఆ నీళ్ళలో పప్పు ఉడకదు, తాగితే నోరంతా ఉప్పన. నలభై గడపకీ తాగడానికీ వంటకీ ఉన్నది ఒక్క చేతిపంపే. మేం దాన్ని బోరింగు అంటాం. అది ప్రిస్కిల్లా వాకిట్లో ఉంది కాబట్టి ప్రిస్కిల్లా బోరింగు అయింది. ఇంతే కథ అని ఇరవై రెండేళ్ళుగా నాకు నేను చెప్పుకుంటున్నాను. అసలు సంగతి ఇంకొంచెం ఉంది. అదీ చెబుతాను కానీ, వెంటనే చెప్పేసేంత మంచిదాన్ని కాదు నేను.

ప్రిస్కిల్లా చెడ్డ మనిషైతే నాకీ బాధ ఉండేది కాదు. ఇద్దరం ఒకే ఎండాకాలంలో కాపురానికి వచ్చాం. నాకంటే నాలుగు నెలలు చిన్నది, అందుకని అక్కా అంటుంది. గొంతెత్తి మాట్లాడదు. నేను నీళ్ళ దగ్గర నాలుగు మాటలు విసిరితే బిందె పక్కకు జరిపి నాకు చోటిస్తుంది. అంతకంటే తిట్టినా బాగుండు. చర్చిలో ఆమె పాట ఎత్తుకుంటే మిగతా ఆడవాళ్ళు గొంతు తగ్గించి వింటారు. నేను ఎత్తుకుంటే అయ్యగారు డోలక్కు గట్టిగా వాయించమంటారు. ఒక ఏడాది చర్చికి సీలింగ్ ఫ్యాను కొనిచ్చాను, రెక్కల మీద నా పేరు ఎర్ర రంగుతో రాయించి మరీ. దాన్ని తీసుకెళ్ళి వెనకాల మగవాళ్ళ వైపు బిగించారు. పైగా ఫ్యాను తిరుగుతుంటే పేరు కనపడదు. ఆ సంగతి డబ్బులు కట్టాక గాని నాకు తోచలేదు.

నిస్సీ నరసరావుపేటలో నర్సింగు చదివేటప్పుడు, సోమవారం పొద్దున్నే తెల్లకోటు చేతిమీద వేసుకుని బస్సుకు బయల్దేరేది. పాలెం నుంచి అట్లా పోయిన మొదటి ఆడపిల్ల అది. సరిగ్గా ఆ వేళకే ప్రిస్కిల్లా తలుపు వేసుకునేది. లోపల ప్రార్థన చేసుకుంటుందని ఆడవాళ్ళు చెప్పుకునేవాళ్ళు. ఎంత భక్తో చూడండే అనేవాళ్ళు. నా కూతురు చదువుకు పోతుంటే కళ్ళప్పగించి చూడాల్సింది పోయి, మూసిన తలుపు వంక చూస్తూ దాని భక్తిని మెచ్చుకోవడం. ఒళ్ళు మండదా మరి?

మొన్న ఫిబ్రవరిలో గ్రామ సచివాలయం నుంచి డిజిటల్ అసిస్టెంట్ రోహిణి వచ్చింది. ఈ ఊరికి కొత్తగా బదిలీ అయి వచ్చిన పిల్ల. టోపీ పెట్టుకుని, చేతిలో ఫోను పట్టుకుని, మా మూల వీధిలైటుకు ఫోటో తీస్తుంటే పలకరించాను.

"స్తంభానికి ఫోటో ఏందమ్మా?"

"పంచాయతీ ఆస్తులు ఎక్కిస్తున్నానమ్మా. లైట్లు, కల్వర్టులు, ట్యాంకు, బోరింగులు, ఊళ్ళో ఉన్నవన్నీ. ఫోటో తీసి, ఉన్న చోటు గుర్తు పెట్టి, పేరు కొడితే కంప్యూటర్లోకి వెళ్ళిపోతాయి. ఇకనుంచి ఏ రిపేరైనా అందులో చూసే చేస్తారు."

"బోరింగు కూడా ఆస్తేనా?"

"ఎందుక్కాదమ్మా? అందరి ఆస్తి."

ప్రిస్కిల్లా అప్పుడు ఊళ్ళో లేదు. కూతురి రెండో కాన్పుకని మాచర్ల వెళ్ళి వారమైంది. కొడుకూ కోడలూ మిరపకోతకు పోయారు. ఆ వేళ పాలెంలో ఉన్నది నేను, రెండు మేకలు, మంచం దిగలేని ముసలి బుల్లెమ్మ. రోహిణి బోరింగు చుట్టూ ఒకసారి తిరిగి, నీడకోసం మా అరుగు మీదికి వచ్చి కూర్చుంది. మంచినీళ్ళు ఇచ్చాను. తాగి, ఫోను చూసుకుంటూ అడిగింది.

"ఈ బోరింగుని ఊళ్ళో ఏమంటారమ్మా?"

"హన్నమ్మ బోరింగు."

అనుకుని అన్న మాట కాదు. నోట్లోంచి జారింది. జారాక వెనక్కి తీసుకోవచ్చు, క్షణం వ్యవధి ఉంది కూడా. తీసుకోలేదు.

"హన్నమ్మ అంటే?"

"నేనే."

ఆ పిల్ల నవ్వి టకటకా కొట్టుకుంది. ఎప్పుడు వేశారంటే ఇరవై రెండేళ్ళయిందన్నాను, అదొక్కటీ నిజం. స్థలం పంచాయతీదా, ఎవరైనా ఇచ్చిందా అంటే, మేమే ఇచ్చామన్నాను. మొదటి అబద్ధం తడబడితే వచ్చింది, రెండోది మాత్రం తడుముకోకుండా వచ్చింది. దగ్గర్లో ఉండి చూసుకునే మనిషి ఫోన్ నంబరు కావాలంటే నాదే ఇచ్చాను. పంపు పక్కన ఒక మనిషి నిలబడితే ఫోటో తీస్తానంది.

"ఉండమ్మా, ఇప్పుడే వస్తా," అని లోపలికి వెళ్ళి క్రిస్మస్ చీర కట్టుకుని వచ్చాను. హేండిలు పట్టుకుని నిలబడ్డాను.

నెల తిరిగేసరికి ఒక మనిషి వచ్చి పంపుకు నీలం రేకు బిగించి పోయాడు. దాని మీద ఫిర్యాదు చేసే ఫోన్ నంబరు, కింద హన్నమ్మ బోరింగు అని తెల్లటి అక్షరాలు, పక్కన ఫోనుతో చూసే గళ్ళగళ్ళ బొమ్మ. వీధి చివర డిగ్రీ చదివే పిల్లను పిలిచి చూపించమన్నాను. అది ఫోను పెట్టగానే తెర మీద నేను, క్రిస్మస్ చీరలో, పంపు హేండిలు పట్టుకుని. ఆ పిల్లను నాలుగుసార్లు పిలిచి చూపించుకున్నాను. ఐదోసారి చదువుకోవాలని చెప్పి రాలేదు. రోజూ పొద్దున కొంగుతో ఆ రేకు తుడిచేదాన్ని. ఫ్యాను లాగా తిరిగేది కాదు ఇది, ఎప్పుడు చూసినా చదవొచ్చు.

చదివేవాళ్ళే లేరు. నీళ్ళకొచ్చిన ఆడవాళ్ళు రేకు వంక చూసి, "గవర్నమెంటోళ్ళు ఏదో రాసుకున్నార్లే," అన్నారు. మరుక్షణం ఒకత్తె ఫోనులో చెబుతోంది, "ఆ, ప్రిస్కిల్లా బోరింగు కాడ ఉన్నా, వస్తన్నా." రేకు మీద చెయ్యేసి మరీ చెప్పింది ఆ మాట. గాజుల చెయ్యి విరగ్గొట్టాలనిపించింది.

ఇన్నయ్య రేకు చదివి నా వంక చూశాడు. "ఏందే ఇది?"

"నాకేం తెలుసు? కంప్యూటరు రాసింది."

"కంప్యూటరుకి నీ పేరు ఎవురు చెప్పారు?"

నేను పొయ్యి ఊదడానికి వంగాను. మా ఇంట్లో గ్యాసు వచ్చి పదేళ్ళయింది, ఊదడానికి ఏమీ లేదు.

ప్రిస్కిల్లా మాచర్ల నుంచి వచ్చింది. బస్సు సంచి అరుగు మీద పెట్టి, బిందె తీసుకుని పంపు దగ్గరికొచ్చింది. నేను తలుపు సందులోంచి చూస్తున్నాను. రేకు మీద వేలు పెట్టి ఒక్కో అక్షరం చదువుకుంది. కోడలిని పిలిచింది, కోడలు ఫోను పెట్టి చూపించింది. ఇప్పుడు అరుస్తుంది, ఇప్పుడు కొంగు బిగించి మా గుమ్మంలోకి వస్తుందని నేను సిద్ధంగా ఉన్నాను. చెప్పాల్సిన జవాబులన్నీ నెల రోజులుగా కూడబెట్టి పెట్టుకున్నాను. ఆమె బిందె నింపుకుని, వెళ్తూ వెళ్తూ మా గుమ్మం వైపు తిరిగింది.

"చీర బాగుందక్కా ఫోటోలో. పండగ చీర గదా."

అంతే. ఆ జవాబులన్నీ నా కడుపులోనే ఉండిపోయాయి. వాటితో పాటు మంట కూడా.

మే నెల రెండో వారంలో బోరింగు చైను తెగింది. తెగడమే కాదు, లోపలి రాడ్లు ఊడి బోరు అడుక్కి జారిపోయాయి. మామూలుగా అయితే మండలం నుంచి మెకానిక్కు మూడో రోజుకు వస్తాడు. ఈసారి ఫిర్యాదు చేసే హక్కు నాది. రేకు మీద నంబరు చూసి నేనే ఫోను చేసి చెప్పాను, గొంతు సవరించుకుని మరీ, "హన్నమ్మ బోరింగు నుంచి హన్నమ్మని మాట్లాడుతున్నా" అని. నమోదైందని మెసేజీ వచ్చింది. దాన్ని ఇన్నయ్యకు చూపించాను. మూడు రోజులు పోయాయి, వారం పోయింది, ఎవరూ రాలేదు.

కాలువ గట్టు అవతల ఒక రైతు పొలంలో మోటారు ఉంది. ఆయన పొద్దున గంటసేపు నీళ్ళు పట్టుకోనిస్తానన్నాడు. పోవడానికి కిలోమీటరు, రావడానికి కిలోమీటరు. నలభై గడప ఆడవాళ్ళం వరసగా బిందెలతో నడిచాం. అక్కడ కూడా చూడండి, ముందు ప్రిస్కిల్లా నడిస్తే చుట్టూ పదిమంది, వెనకాల నేనొక్కదాన్ని. తిరిగొచ్చాక ప్రిస్కిల్లా తన మొదటి బిందె బుల్లెమ్మ మంచం దగ్గర దించేది. అది చూసి మర్నాటినుంచి నేను కూడా బుల్లెమ్మకు అర బిందె పోశాను. ఆ ముసల్ది నా నీళ్ళు తాగి, "ప్రిస్కిల్లా తెచ్చిందా?" అని అడిగింది.

పదో రోజు ఇద్దరం సచివాలయానికి వెళ్ళాం. కలిసి వెళ్ళలేదు, నేను బయల్దేరాను, ఆమె వెనకాలే వచ్చింది. రోహిణి కంప్యూటరు తెర మా వైపు తిప్పింది.

"మీ పాలేనికి రెండు బోరింగులు చూపిస్తోందమ్మా. హన్నమ్మ బోరింగు చెడిపోయింది, ప్రిస్కిల్లా బోరింగు పనిచేస్తోంది. రెండో బోరింగు నడుస్తున్న చోట తొందరేముందని పైన పక్కన పెట్టారు. ఉన్న ఒక్కటీ ఆగిపోయిన వాడలకే ముందు పంపుతున్నారు."

"రెండోదెక్కడిదమ్మా?" అంది ప్రిస్కిల్లా.

"అదే నాకూ అర్థం కావట్లేదు. పాత రిజిస్టరులో ఉన్నవన్నీ ముందే కంప్యూటర్లోకి ఎక్కేశాయి, పనిచేస్తున్నట్టుగానే. నేను చూసొచ్చినవి వాటితో కలపాలి. హన్నమ్మ పేరు పాతవాటిలో లేదు. అందుకని కొత్తదేమో అనుకుని విడిగా ఎక్కించాను. ప్రిస్కిల్లా బోరింగు ఇంకో సందులో ఉంటుందనుకున్నాను. అప్పటికి నేను ఈ ఊరొచ్చి పది రోజులమ్మా."

నేల మీద ఉన్న ఒక్క బోరింగూ నడవడం లేదు, కంప్యూటర్లో రెండు. నేను పేరు కోసం ఒక్క మాట అంటే, అది అక్కడ ఇంకో పంపై కూర్చుంది. ఆ పంపు నుంచి నలభై ఇళ్ళకు నీళ్ళు వస్తున్నాయని పైవాళ్ళు నమ్ముతున్నారు. ప్రిస్కిల్లా తెర వంకే చూస్తూ నిలబడింది. నా వైపు తిరగలేదు. తిరిగితే నేనేం చేసేదాన్నో నాకు తెలియదు.

"గురువారం ఇంజినీరు సారు వస్తారు. లేనిదాన్ని కొట్టేస్తారు. ఎవరి పేరు మీదున్న బోరింగు లేదో, వాళ్ళే అది లేదని రాసి సంతకం పెట్టాలి," అంది రోహిణి.

తిరిగి వస్తుంటే నాకు నీళ్ళ సంగతి కాదు, పేరు సంగతే తిరిగింది మనసులో. అబద్ధం చెప్పను, అదే తిరిగింది. ప్రిస్కిల్లా నోరు విప్పితే నా పని అయిపోయింది. విప్పకపోతే ఆ పేరు నాది, శాశ్వతంగా, గవర్నమెంటు వాళ్ళ చేత్తోనే.

ఇక ఆ సంగతి చెప్పేస్తాను.

ఆ ఏడు కరువు. పాలెం మొత్తం నీళ్ళకు అల్లాడుతుంటే ఎట్లాగో బోరు లారీ వచ్చింది. నీళ్ళు పడే పాయింటు చూసి చెప్పే ఆయన వీధి పైకీ కిందికీ తిరిగి, సున్నంతో గుర్తు వేశాడు. ఎక్కడనుకున్నారు? మా వాకిట్లో. అప్పుడు అక్కడ మా మిరపకాయలు ఆరుతున్నాయి. కౌలుకు చేసిన చేలో కరువుకు తట్టుకుని మిగిలిందంతా ఆ వాకిట్లోనే ఉంది. బోరు దిగితే బూడిద బురద చిమ్ముతుంది. తడిసిన కాయ తెల్లబడి తాలు అవుతుంది, తాలు కాయను ఎవరూ తిరిగి చూడరు. ఆడవాళ్ళంతా వచ్చి, కాయలు ఎత్తుదాం పట్టు హన్నమ్మా, మేమూ ఒక చెయ్యేస్తాం అన్నారు. నేను వినలేదు. "మా వాకిట్లో వద్దు, ఇంకెక్కడన్నా ఏసుకోండి" అని ఆ సున్నం గుర్తును కాలితో చెరిపేశాను. నా కాలితోనే.

లారీ వాళ్ళు విసుక్కుని, వెళ్ళిపోవడానికి ఇంజను వేశారు. అప్పుడు ఎదురింట్లోంచి ప్రిస్కిల్లా వచ్చింది. తన వంటపాక మీది తాటాకులు పీకి కింద పడేయడం మొదలుపెట్టింది. గంటలో పాక లేదు, పొయ్యి లేదు. లారీ వచ్చి అక్కడ నిలబడింది. సాయంత్రానికి నీళ్ళు పడ్డాయి. పాలెమంతా ఆ నీళ్ళలో తడిసింది. నేను మాత్రం మిరపకాయల మీద పట్టలు కప్పుకుంటూ కూర్చున్నాను.

ఆ కాయలతో మేం నిలదొక్కుకున్నాం. గేదెను కొన్నాం, ఆ పాడి మీదే నిస్సీ చదివింది. అయినా ఆ పంపు చప్పుడు వినపడ్డప్పుడల్లా, అది మా వాకిట్లో మోగాల్సిన చప్పుడని నాకు తెలుసు. తెలిసిన సంగతే మనిషిని ఎక్కువ మండిస్తుంది.

గురువారం పదిగంటలకు ఇంజినీరు రవిచంద్ర గారు వచ్చారు. పంపు పక్కన ప్లాస్టిక్ కుర్చీ వేశాం. రోహిణి మొహం పీక్కుపోయి ఉంది. తప్పు ఎంట్రీ అని తనను గట్టిగానే అడిగారట. ఆడవాళ్ళందరూ ఖాళీ బిందెలతోనే చుట్టూ నిలబడ్డారు. బుల్లెమ్మను కూడా మంచంతో సహా తెచ్చి నీడలో పెట్టారు.

"ఇక్కడ ఉన్నది ఒకటే పంపు. పేర్లు రెండు. ఏది ఉంది, ఏది లేదు?" అన్నారాయన. ముందు ప్రిస్కిల్లాను అడిగారు.

"నా పేరుది లేదు సార్," అంది ప్రిస్కిల్లా. "ఉన్నది హన్నమ్మక్కదే. రేకు మీద ఉంది గదా. నాది కొట్టేసి, రాడ్లు తీపిచ్చండి సార్. ఎండలు చానా ఎక్కువగా ఉన్నయ్."

ఆడవాళ్ళలో గుసగుస. రోహిణి కాగితం ముందుకు జరిపింది. ప్రిస్కిల్లా కొంగుతో చెయ్యి తుడుచుకుని కలం తీసుకుంది.

ఇరవై రెండేళ్ళుగా నేను కోరుకున్నది అదే. ఇంకో నిమిషంలో అయిపోతుంది. అప్పుడు మంచంలోంచి బుల్లెమ్మ, ఆ ముసల్ది, అందరికీ వినపడేట్టు అంది.

"ఆనాడు పాక ఇచ్చింది. ఇయ్యాల పేరు గూడా ఇచ్చేస్తంది. తల్లి."

ఒళ్ళంతా కారం రాసినట్టయింది నాకు. ఆ పేరు నాకు వస్తుంది, సరే. ప్రిస్కిల్లా ఇస్తే వచ్చిన పేరు అవుతుంది. ఇంకో ఇరవై రెండేళ్ళు పాలెం ఆ మాటే చెప్పుకుంటుంది. రేకు మీద నా పేరు చూసినప్పుడల్లా దాని మంచితనమే గుర్తొస్తుంది అందరికీ. నాకు కూడా.

"ఆగు. పెట్టమాక సంతకం," అన్నాను. వెళ్ళి కలం లాక్కున్నాను. "ఇది ప్రిస్కిల్లా బోరింగే సార్. స్థలం దానిదే. నేను అబద్ధం చెప్పా. ఈ పిల్ల తప్పేం లేదు."

ఇంజినీరు గారు నా వైపు తిరిగారు. "ఎందుకు చెప్పారమ్మా?"

"ఎందుకేంది సార్. కుళ్ళు."

ఆయన కాగితం వంక చూసి, కారణం అని ఉన్న చోట 'పేరు నమోదులో పొరపాటు' అని రాశారు. గవర్నమెంటు కాగితంలో కుళ్ళుకు గడి ఉండదు కదా. తర్వాత కాగితం నా వైపు తిప్పారు. అందులో ఉన్నది నేను చదవగలను: హన్నమ్మ బోరింగు అనేది ఈ ఊరిలో లేదు. దాని కింద హన్నమ్మ అని నా చేత్తో నేను సంతకం పెట్టాను. నిజం చెప్పానని నలుగురు నా భుజం తట్టారు. నిజం కోసం చెప్పలేదని వాళ్ళకు తెలియదు. దానం పుచ్చుకోలేక చెప్పాను.

మూడో రోజుకల్లా మెకానిక్కులు వచ్చారు. రాడ్లు తీశారు, కొత్త చైను వేశారు, నీలం రేకు విప్పి తీసుకెళ్ళారు. దాని గుర్తుగా పంపు మీద నాలుగు బోల్టు కంతలు మిగిలాయి. మధ్యాహ్నం ఎండలో అందరూ వెళ్ళిపోయాక నేను బిందె తీసుకుని వెళ్ళాను. ప్రిస్కిల్లా హేండిలు కొడుతోంది. బిందె పక్కకు జరిపి నాకు చోటిచ్చింది, ఎప్పటిలాగే.

"నిజంగా పెట్టేదానివా సంతకం?" అన్నాను.

"పెట్టేదాన్నే. నీళ్ళు రావాల గదా." రెండుసార్లు కొట్టి ఆగింది. "పెట్టి, ఇంట్లోకి పోయి ఏడ్చేదాన్ని. ఆ పాక మళ్ళా ఏసుకునేదానికి మూడేళ్ళు పట్టింది మాకు. మా పిల్లని గూడా బడి మానిపిచ్చి కోతకి తీసకపోయినా. మళ్ళా బడికి పోలా అది. నీళ్ళు అందరూ తాగారక్కా. నాకు మిగిలింది ఆ పేరే."

నేను నా బిందె కింద పెట్టాను.

"మీ నిస్సీ తెల్లకోటు ఏసుకొని బస్సుకి పోయేది చూడు, ఆ పొద్దు నేను తలుపు ఏసుకునేదాన్ని. మా పిల్లా నీ పిల్లా ఒకే బెంచీలో కూచున్నోళ్ళు. చూళ్ళేకపోయేదాన్ని. ఆనాడు నేను గూడా నీ మాదిరే కాయలు కాపాడుకొని ఉంటే అనుకునేదాన్ని."

"ప్రార్థన అన్నారు గదే అందరూ."

"ప్రార్థనా పాడా. కుళ్ళు," అంది ప్రిస్కిల్లా, నా మాటే నాకు తిప్పి ఇస్తూ.

సిగ్గుపడాలి నేను. పడ్డాను కూడా, బడి మానేసిన ఆ పిల్ల మొహం గుర్తొచ్చి ఇప్పటికీ పడుతూనే ఉన్నాను. కానీ అంతకంటే ముందు, ఆ మాట విన్న క్షణంలో, నాకు చెప్పలేనంత సంతోషం కలిగింది. దాస్తే ఏం లాభం? ఎన్ని సోమవారాలో నన్ను చూసి ప్రిస్కిల్లా తలుపు వేసుకుంది. ఎదురెదురు ఇళ్ళలో ఇద్దరం ఒకరినొకరు చూడలేక బతికాం. నాకేమో నేనొక్కదాన్నే అనిపించేది. ఆ రోజు ఆమె బిందె నిండేదాకా హేండిలు నేను కొట్టాను.

జూన్‌లో కొత్త రేకు వచ్చింది. ప్రిస్కిల్లా బోరింగు, స్థలదాత ప్రిస్కిల్లా. ఫోటోకు ఆమె మామూలు చీరలోనే నిలబడింది. ఫోన్ నంబరు దగ్గరికి వచ్చేసరికి, తన దగ్గర ఫోను లేదని, కోడలి ఫోను కోడలితో పాటు కూలికి పోతుందని చెప్పింది. "హన్నమ్మక్క నంబరే ఉంచమ్మా, ఎప్పుడూ ఇంటికాడే ఉంటది," అంది రోహిణితో. నాకు సాయం చేయడానికో, మంట పెట్టడానికో తెలియదు. ప్రిస్కిల్లా విషయంలో నాకు ఆ తేడా ఎప్పుడూ అంతుపట్టలేదు.

మొన్న మధ్యాహ్నం అన్నం ముందు కూర్చున్నప్పుడు ఫోను మోగింది. ఆఫీసు నుంచి ఎవరో అబ్బాయి, నెలనెలా తనిఖీ అట.

"ప్రిస్కిల్లా బోరింగే కదండీ? నీళ్ళు బాగా వస్తున్నాయా?"

"వస్తన్నయ్యి."

"మాట్లాడేది ప్రిస్కిల్లా గారేనా?"

ఇన్నయ్య ముద్ద ఆపి నా వంక చూశాడు. కిటికీలోంచి ఎదురుగా పంపు, దాని మీద ఆ రేకు, ఎండకు మెరుస్తూ. లోపల ఎక్కడో చురుక్కుమంది. అది పోయేది కాదు, నాతోనే పోతుంది.

"కాదు నాయనా," అన్నాను. "ఎదురింటి హన్నమ్మని."